కారు వైఫైకి ఫోన్ కలవట్లేదా? ముందు మొబైల్ డేటా ఆపి చూడండి

మా బావ ఉండేది ఇంగ్లండ్‌లో. పోయిన చలికాలం ఒకరోజు, మాకిక్కడ హనుమకొండలో పదకొండున్నర, వాళ్లకింకా పొద్దున ఆరు, వాట్సాప్‌లో వీడియో కాల్ వచ్చింది. అంత పొద్దున్నే చేశాడంటే ఏం కొంప మునిగిందో అనుకుంటూ ఎత్తాను. చూస్తే బావ మంకీ క్యాప్ పెట్టుకుని ఇంటి ముందు కారు పక్కన నిలబడి ఉన్నాడు, అద్దం నిండా మంచు గడ్డకట్టి ఉంది, అక్క ఫోన్‌లోంచి నాతో మాట్లాడుతూ తన ఫోన్ నాకు చూపిస్తున్నాడు.

"బామ్మర్దీ, ఫోన్‌తోని కారు వేడిజేసే గీ యాప్ నన్ను ఆగం జేస్తున్నదిరా. వైఫై కనెక్టెడ్ అనే చూపిస్తది, యాప్ తెరిస్తే కారు దొరుకుతలేదంటది. మొన్న మార్చి దాక మంచిగనే నడిచింది."

"ఏమన్న మార్చినవా బావా?"

"నేనేం ముట్టుకోలే."

ఈ 'నేనేం ముట్టుకోలే' నాకు రోజూ వినబడే మాటే. రూటర్లు, సీసీ కెమెరాలు బిగించడం నా పని, సుబేదారి నుంచి హంటర్ రోడ్డు దాకా ఏ ఇంటికి పోయినా మొదట అదే అంటారు. అబద్ధమని కాదు, నిజంగానే వాళ్లు ముట్టుకోరు, ఫోనే అప్‌డేట్ పేరుతో తనంతట తాను ఏదో మార్చేసుకుంటుంది. బావ గోడు వింటుంటేనే నాకు సంగతి సగం అర్థమైంది, ఎందుకంటే ఇది కారు జబ్బు కాదు, కొత్త వైఫై కెమెరా పెట్టేటప్పుడు వచ్చే జబ్బే. కెమెరా సెటప్ కోసం తన సొంత వైఫై ఒకటి వదులుతుంది, మనం ఫోన్‌ని దానికి కలుపుతాం, ఫోన్ ఒక్క నిమిషం చూసి "ఇందులో నెట్ లేదు కదా" అని మెల్లగా మొబైల్ డేటా మీదికి జారుకుంటుంది. పైన వైఫై గుర్తు ఉంటుంది, లోపల మాటలన్నీ సిమ్ దారిన పోతుంటాయి. కెమెరా పక్కనే ఉన్నా యాప్‌కి కనబడదు. కారు విషయంలో కూడా అచ్చం ఇంతే.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి, బావది ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు. మన వైపు హైబ్రిడ్ అనగానే అందరికీ పెట్రోల్ బంకులో తప్ప ఎక్కడా ఆగని స్ట్రాంగ్ హైబ్రిడ్ కార్లే గుర్తొస్తాయి, వాటికి ఛార్జింగ్ ప్లగ్ ఉండదు, బ్యాటరీని నడుస్తూ నడుస్తూ అవే నింపుకుంటాయి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్ అంటే ఇంజన్ ఉంటుంది, దాంతోపాటు ఇంట్లో సాకెట్‌కి పెట్టి నింపుకునే పెద్ద బ్యాటరీ కూడా ఉంటుంది. ఈ రకంలో బాగా తెలిసిన బండి మిత్సుబిషి అవుట్‌లాండర్ పీహెచ్ఈవీ (ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌కే ఇంగ్లీషు పొట్టి పేరు), జపాన్‌లో 2013లో, బ్రిటన్‌లో 2014లో అమ్మకానికి వచ్చింది, మొదట్లో దాని బ్యాటరీ 12 యూనిట్లు, అంటే 12 కిలోవాట్ అవర్లు పట్టేది. ఆ మొదటి తరం బండి ప్రత్యేకత ఏంటంటే కారులోనే ఒక చిన్న వైఫై పెట్టె ఉంటుంది, ఫోన్ నేరుగా దానితోనే మాట్లాడుతుంది. కంపెనీ సర్వర్ లేదు, సిమ్ లేదు, నెలనెలా చందా లేదు. ఇంట్లోంచే ఛార్జింగ్ టైమర్ పెట్టొచ్చు, లైట్లు వెలిగించొచ్చు, బయల్దేరే ముందు కారు లోపల వేడి చేయొచ్చు లేదా చల్లబరచొచ్చు. బావ దగ్గరున్నది కూడా నేరుగా వైఫైతో మాట్లాడే రకమే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు, పేరెందుకులే, తప్పు కారుది కాదు కాబట్టి.

కాబట్టి అన్నిటికంటే ముందు మీ ఫోన్ కారుతో ఏ దారిలో మాట్లాడుతుందో తేల్చుకోండి. దారులు మూడు. ఒకటి ఇప్పుడు చెప్పిన నేరు వైఫై. రెండోది కారులో సిమ్ ఉండి, కారూ ఫోనూ రెండూ కంపెనీ సర్వర్‌తో మాట్లాడేది, మన దగ్గర కనెక్టెడ్ కారు అంటున్నవన్నీ దాదాపు ఇవే. మూడోది ఫోన్‌లోని పాటలూ మ్యాపులూ కారు తెర మీదికి తెచ్చే వైర్‌లెస్ యాండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే. ఒకదాని మందు ఇంకోదానికి పనిచేయదు, కొన్నిసార్లు అసలుకే ఎసరు పెడుతుంది, కింద చెప్తాను. ఏది మీది అని తెలుసుకోవడం తేలికే. కారు దగ్గర నిలబడి ఫోన్‌లో వైఫై జాబితా తెరవండి, కారు పేరుతో ఒక నెట్‌వర్క్ కనబడి, దానికి కలిస్తేనే యాప్ పనిచేస్తుందంటే మీది మొదటి రకం. అవుట్‌లాండర్‌లో అయితే ఆ పేరు రిమోట్ అన్న మాటతో మొదలై వెనక కొన్ని అంకెలూ అక్షరాలూ ఉంటాయి. దాని పాస్‌వర్డ్ కారుతోపాటు వచ్చే కాగితాల్లో ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ కాగితం అడిగి మరీ తీసుకోండి, ఆర్‌సీ అంత ముఖ్యమది.

ఇక పనిలోకి దిగుదాం.

కారు పక్కకి వెళ్లి నిలబడండి. హాల్లో సోఫాలో కూర్చుని మొదలుపెట్టొద్దు, ఎందుకంటే సిగ్నల్ తక్కువై పోతుందా, సెట్టింగ్ తప్పై పోతుందా అన్నది అక్కడ తేలదు. ఫోన్‌లో బ్లూటూత్ ఎట్లా ఉన్నా పర్లేదు, మొబైల్ డేటా మాత్రం ఆపేయండి. కారు వైఫైకి కలవండి. యాప్ తెరవండి. పది మందిలో సగం మందికి ఇక్కడే కథ కంచికి పోతుంది. పనిచేసిందంటే మీ కారు బాగానే ఉంది, పాస్‌వర్డ్ సరిగ్గానే ఉంది, కారులో మీ ఫోన్ రిజిస్ట్రేషనూ ఉంది, ఫోన్ పక్కచూపులు చూడటమే రోగమని తేలినట్టే. ప్రతిసారీ డేటా ఆపుకుంటూ కూర్చోవాలా అంటే అక్కర్లేదు, దానికి వేరే సెట్టింగులున్నాయి.

బావకి ఈ మొదటి మెట్టు దగ్గరే కొత్త చిక్కు వచ్చింది. డేటా ఆపాడు, కారు వైఫై నొక్కాడు, కనెక్టెడ్ అంది, పది సెకన్లలో ఊడిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ ఊడింది. ఇది ఎందుకో చెప్తాను, చాలామందికి జరిగేదే. నెట్ లేని వైఫైకి మొదటిసారి కలిసినప్పుడు యాండ్రాయిడ్ ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ నెట్‌వర్క్‌లో ఇంటర్నెట్ లేదు, అయినా ఉండమంటారా అని. కింద చిన్న పెట్టె, ఈ నెట్‌వర్క్‌కి మళ్లీ అడగొద్దు అని. మనం కంగారులో ఆ పెట్టెలో టిక్కు పెట్టి, వద్దు అని నొక్కేస్తాం. అంతే, ఆ రోజు నుంచి ఫోన్ మీ మాట మీదే నిలబడుతుంది, ఆ వైఫైలో ఉండదు, ఎందుకు ఉండట్లేదో కూడా చెప్పదు. దీనికి మందు ఒకటే, వైఫై జాబితాలో ఆ పేరు మీద నొక్కిపట్టి 'ఫర్గెట్' చేయాలి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టాలి, ప్రశ్న మళ్లీ వచ్చినప్పుడు ఈసారి టిక్కు పెట్టి, ఉండు అని చెప్పాలి. ఆ ప్రశ్న కొన్ని ఫోన్లలో తెర మీద రాదు, పైనుంచి కిందికి లాగితే నోటిఫికేషన్లలో చప్పుడు లేకుండా కూర్చుని ఉంటుంది. బావది అట్లాంటి ఫోనే. "గిది ఎప్పుడొచ్చిందిరా?" అన్నాడు. పొద్దున నాలుగుసార్లు వచ్చి ఉంటుంది.

అయితే ఫర్గెట్ చేసేముందు పాస్‌వర్డ్ కాగితం చేతిలో ఉందో లేదో చూసుకోండి. బావ ముందు ఫర్గెట్ చేశాడు, తర్వాత కాగితం కోసం ఇల్లంతా వెతికాడు, నిద్రలోంచి అక్కని లేపాడు. ఆ అరగంట వీడియో కాల్‌లో నేను వాళ్ల ఇంటి పైకప్పు చూస్తూ కూర్చున్నా.

ఇప్పుడు ఫోన్ తెలివిని కొంచెం తగ్గించాలి. శాంసంగ్ అయితే వైఫై తెరలో పైన మూడు చుక్కలు, అందులో ఇంటెలిజెంట్ వైఫై, అందులో మొబైల్ డేటాకి మారు అన్నది ఉంటుంది, ఆపేయండి. మిగతా కంపెనీల ఫోన్లలో వైఫై అసిస్టెంట్ అనో, నెట్‌వర్క్ యాక్సిలరేషన్ అనో, ఇంకేదో పేరుతో ఇదే పని చేసే స్విచ్ ఉంటుంది, వైఫై సరిగ్గా లేకపోతే డేటాకి పోవడం లేదా రెండూ కలిపి వాడటం దాని పని, మీకు కావాల్సింది అది ఆపడం. ఐఫోన్‌లో సెట్టింగ్స్, మొబైల్ డేటా, బాగా కిందికి జరిపితే వైఫై అసిస్ట్ ఉంటుంది, అదీ ఆపండి. డెవలపర్ ఆప్షన్స్ తెరిచే అలవాటున్న వాళ్లు యాండ్రాయిడ్‌లో 'మొబైల్ డేటా ఆల్వేస్ యాక్టివ్' అన్నది కూడా ఆపి చూడొచ్చు, అలవాటు లేకపోతే అటు పోకండి, అక్కడ ఇంకేదో నొక్కి నన్ను అడుగుతారు.

వీపీఎన్ ఉంటే తీసేయండి. ఆఫీసు ఫోన్లలో ఇది తనంతట తానే వెలుగుతుంది. ప్రకటనలు ఆపే యాప్‌లు కొన్ని లోపల వీపీఎన్‌లాగే పనిచేస్తాయి, పైన తాళంచెవి గుర్తు కనబడితే అదే. ఫోన్ మాటలన్నీ ఎక్కడో సర్వర్ దాకా పోయి రావాలని అది పట్టుబడితే రెండు గజాల దూరంలో ఉన్న కారుకి మాట ఎట్లా చేరుతుంది?

ఇంతా చేసినా యాప్ కారుని చూడకపోతే ఒక చిన్న పరీక్ష. వైఫైలో కారు పేరు పక్కనున్న గేర్ గుర్తు గానీ ఐఫోన్‌లో ఐ గుర్తు గానీ నొక్కి, ఐపీ అడ్రస్, అంటే ఆ వైఫైలో మీ ఫోన్‌కి దొరికిన నంబర్, ఏముందో చూడండి. అవుట్‌లాండర్‌లో కారు అడ్రస్ 192.168.8.46, కాబట్టి ఫోన్‌కి కూడా 192.168.8 తో మొదలయ్యేదే రావాలి. అది వచ్చిందంటే కారూ ఫోనూ చేయి కలిపాయి, ఇక గొడవ యాప్‌లోనో రిజిస్ట్రేషన్‌లోనో ఉంది. 169.254 తో మొదలైతే మాత్రం ఫోన్‌కి కారు అడ్రస్ ఇవ్వలేదు, ఫోనే సొంతంగా ఏదో పెట్టుకుంది. యాండ్రాయిడ్ అయితే 'ఐపీ అడ్రస్ తీసుకుంటోంది' అన్న దగ్గరే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. అట్లాంటప్పుడు కారు లాక్ చేసి, ఫోన్లన్నీ దూరం పెట్టి, పది పదిహేను నిమిషాలు వదిలేసి మళ్లీ చూడండి. 192.168.1 అనో 0 అనో వస్తే నవ్వుకోండి, మీరు ఇంటి రూటర్‌కే కలిసి ఉన్నారు.

యాప్ పర్మిషన్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే బావ 'మార్చి దాక మంచిగనే నడిచింది' అన్న మాటలో అసలు కిటుకు ఇక్కడుంది. యాండ్రాయిడ్ 11 నుంచి, కొన్ని నెలలు తెరవని యాప్‌ల పర్మిషన్లు ఫోనే తీసేస్తుంది. వేసవిలో కారుని వేడి చేసే పని ఉండదు కదా, ఏప్రిల్ నుంచి ఆ యాప్ మొహం ఎవరూ చూడరు, చలి మొదలయ్యేసరికి లొకేషన్ పర్మిషన్ పోయి ఉంటుంది. వైఫైకీ లొకేషన్‌కీ ఏం సంబంధం అంటారా, ఏ వైఫైలో ఉన్నామో తెలిస్తే మనిషి ఎక్కడున్నాడో చెప్పేయొచ్చు, అందుకని వైఫై పేరు చదవాలంటే యాప్‌కి లొకేషన్ అనుమతి ఉండాలని యాండ్రాయిడ్ రూలు. కాబట్టి పర్మిషన్ ఇవ్వండి, లొకేషన్ స్విచ్ కూడా ఆన్ చేయండి, రెండూ వేరు వేరు. కొత్త ఫోన్లలో 'ప్రిసైజ్' అన్నది కూడా ఎంచుకోండి. యాప్ సమాచారం పేజీలో, వాడకపోతే పర్మిషన్లు తీసేయి అన్న స్విచ్ ఉంటుంది, ఈ ఒక్క యాప్‌కి దాన్ని ఆపేస్తే వచ్చే చలికాలం నాకు ఫోన్ రాదు. ఐఫోన్‌లో ఇది వేరే రకం, ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో లోకల్ నెట్‌వర్క్ అనే జాబితా ఉంటుంది, ఐఓఎస్ 14తో వచ్చింది, అందులో కారు యాప్ పక్కన స్విచ్ ఆన్ ఉండాలి. మొదటిసారి యాప్ అడిగినప్పుడు వద్దని నొక్కి ఉంటే మళ్లీ అడగదు, మీరే వెళ్లి పెట్టాలి.

తర్వాత రిజిస్ట్రేషన్. ఇది కొంచెం ఓపికతో చదవండి, జనం ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే. వైఫై పాస్‌వర్డ్ తెలిసినంత మాత్రాన కారు మీ మాట వినదు. ఫోన్‌ని కారులో నమోదు చేయాలి, అవుట్‌లాండర్‌లో అయితే రెండు ఫోన్లకే చోటు. సెకండ్ హ్యాండ్ కారైతే ఆ రెండు చోట్లూ పాత ఓనరు ఇంటి ఫోన్లే ఆక్రమించి ఉండొచ్చు, అప్పుడు పాతవి తీసేసి కొత్తగా నమోదు చేయాలి, దాని వరుస కారు మాన్యువల్‌లో ఉంటుంది, అది ఒక్క మెట్టు కూడా తప్పకుండా చేయండి, వీడియోల్లో వేరే ఏడాది మోడల్ చూపిస్తుంటారు. ఇంకోటి, ప్రతి ఫోన్‌కీ వైఫైలో ఒక గుర్తింపు నంబర్ ఉంటుంది, మ్యాక్ అడ్రస్ అంటారు. ఈ మధ్య ఫోన్లు మన మంచికే దీన్ని దాచిపెట్టి ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ నంబర్ చూపిస్తాయి, యాండ్రాయిడ్ 10, ఐఓఎస్ 14 నుంచి అదే అలవాటు. బజార్లో ఫ్రీ వైఫైకి అది మంచిదే. కానీ ఫోన్‌ని నంబర్‌తో గుర్తుపట్టే కారు ముందు వేషం మార్చుకుని నిలబడితే, ఎవరు నువ్వు అంటుంది. అందుకని ఈ ఒక్క వైఫైకి ఆ దాపరికం తీసేయండి: ఐఫోన్‌లో కారు వైఫై వివరాల్లో ప్రైవేట్ వైఫై అడ్రస్ ఆఫ్ చేయాలి, యాండ్రాయిడ్‌లో అదే చోట ప్రైవసీ అని ఉంటుంది, ఫోన్ సొంత మ్యాక్ వాడు అని ఎంచుకోవాలి. ముందు ఇది మార్చి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ చేయండి. తలకిందులుగా చేస్తే రెండుసార్లు పని. బావ విషయంలో చివరికి తాళం తెరిచింది ఇదే, ఫర్గెట్ చేసి కలిపినాక ఐపీ వచ్చింది, పర్మిషన్ ఇచ్చాం, అయినా రిజిస్టర్ కాలేదని యాప్ మొండికేసింది, దాపరికం తీసి మళ్లీ నమోదు చేస్తే ఒక్క దెబ్బకి వచ్చింది. అప్పటికి అక్కడ బాగా పొద్దెక్కింది, అద్దం మీద మంచు ఎండకే కరిగిపోయింది, అది వేరే విషయం.

ఒక ఫోన్‌తో పరీక్ష చేసేటప్పుడు ఇంట్లో రెండో ఫోన్ వైఫై ఆపి ఉంచండి. అది ముందే కారుని పట్టుకుని కూర్చుంటే మీరు గంటసేపు లేని తప్పుని వెతుకుతారు.

కారు వైఫైకి కలిసిన ఫోన్, ఇంటి రూటర్ సిగ్నల్ కూడా అందుతుంటే అటు దూకుతుంది. పరీక్ష అయ్యేదాకా ఇంటి వైఫైకి ఆటో జాయిన్, అంటే ఫోన్ తనంతట తానే కలిసే సెట్టింగ్, తీసేయండి. దీనికి ఉల్టా కూడా జరుగుతుంది, అదే ఎక్కువ నవ్వు తెప్పిస్తుంది. కారు వైఫైకి ఆటో జాయిన్ ఉంటే, వంటింట్లో ఉన్న అక్క ఫోన్ గోడ అవతలున్న కారుకి కలిసిపోయేది, వాట్సాప్ పోయేది కాదు, వీడియో ఆడేది కాదు, వాళ్లు రెండు నెలలు నెట్ కంపెనీని తిట్టుకున్నారు. నా సలహా, కారు వైఫైకి ఆటో జాయిన్ అసలు పెట్టుకోవద్దు. పొద్దున ఒకసారి చేత్తో నొక్కి కలిపితే మన సొమ్మేం పోదు.

కారు వైఫై జాబితాలోనే కనబడకపోతే కథ వేరు. అప్పుడు ఫోన్‌ని వేధించి లాభం లేదు, కారు వైపు చూడాలి. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, మామూలు కార్లలో ఉండే 12 వోల్టుల చిన్న బ్యాటరీ వేరే ఉంటుంది, తాళాలు, లైట్లు, కంప్యూటర్లు, ఈ వైఫై పెట్టె అన్నీ దాని మీదే బతుకుతాయి. కారు రెండు మూడు వారాలు కదలకుండా ఉంటే ఈ చిన్న బ్యాటరీ నీరసపడుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే కారు ఆగి ఉన్నప్పుడు 12.6 వోల్టుల చుట్టూ ఉంటే నిండుగా ఉన్నట్టు, 12కి కిందికి పోతే దాదాపు ఖాళీ. కారుని కాసేపు ఆన్‌లో ఉంచితే పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదానికి ఛార్జ్ ఎక్కుతుంది. మళ్లీ మళ్లీ పడిపోతుంటే బ్యాటరీ ముసలిదైంది, మార్చేయండి. మీటర్ చిన్న బ్యాటరీకే పెట్టండి, నారింజ రంగు తొడుగున్న వైర్ల జోలికి మాత్రం పోవద్దు, అవి వందల వోల్టుల లైన్లు, అది మనబోటివాళ్ల పని కాదు.

దూరం సంగతి రెండు మాటల్లో: కారు వైఫై ఇంటి రూటర్ అంత బలంగా ఉండదు, ఇటుక గోడ ఒకటి దాటితే సగం, ఇనుప షట్టర్ దించితే ఇంకా తక్కువ. ఇంట్లో ఏ కిటికీ దగ్గర అందుతుందో ఒకసారి తిరిగి చూసి అది గుర్తుపెట్టుకోండి. బావకి పై అంతస్తు బాత్రూం కిటికీ దగ్గర బాగా వస్తుంది, ఇప్పుడు పొద్దున పళ్లు తోముకుంటూనే కారు వేడి చేసేస్తున్నాడు.

ఈ నేరు వైఫైకి ఒక చీకటి కోణం కూడా ఉంది. 2016లో పెన్ టెస్ట్ పార్ట్‌నర్స్ అనే బ్రిటన్ భద్రతా పరిశోధకులు అవుట్‌లాండర్ పీహెచ్ఈవీ వైఫై పాస్‌వర్డ్ మరీ చిన్నదని, తగిన కంప్యూటర్ ఉంటే నాలుగు రోజుల్లోపే కనుక్కోవచ్చని చూపించారు. లోపలికి దూరి లైట్లు వెలిగించారు, ఛార్జింగ్ సెట్టింగులు మార్చారు, దొంగల అలారం కూడా ఆపగలిగారు. అప్పటికప్పుడు వాళ్లు చెప్పిన ఉపాయం ఏంటంటే, యాప్‌లో విన్ (కారు గుర్తింపు నంబర్) రిజిస్ట్రేషన్ రద్దు చేసి ఫోన్లన్నీ తీసేస్తే వైఫై పెట్టె నిద్రపోతుంది, కారు తాళంచెవి రిమోట్ పదిసార్లు నొక్కితే గానీ లేవదు. మన ట్రబుల్‌షూటింగ్‌కి ఇది ఉల్టా పనికొస్తుంది: వైఫై అసలు కనబడట్లేదంటే, బ్యాటరీ బాగానే ఉందంటే, పాత ఓనరు ఎవరో ఆ వార్త చదివి దాన్ని పడుకోబెట్టి ఉండొచ్చు. చెడిపోయిందని మెకానిక్ దగ్గరికి పరిగెత్తేముందు ఆ కోణంలో చూడండి. మీరు కారు అమ్మేటప్పుడు కూడా మీ ఫోన్ రిజిస్ట్రేషన్ తీసేసే ఇవ్వండి.

ఇక మిగతా రెండు దారులు, త్వరగా. సర్వర్ ద్వారా మాట్లాడే కనెక్టెడ్ కారు అయితే ఇప్పటిదాకా చెప్పిన వైఫై మందులేవీ పనికిరావు, పైగా మొబైల్ డేటా ఆపితే ఉన్నదీ పోతుంది. అక్కడ చూడాల్సింది మీ ఫోన్‌కి నెట్ ఉందా, కారు నిలబడ్డ చోట దాని సిమ్‌కి సిగ్నల్ ఉందా, చందా అయిపోయిందా అన్నదే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టిన కారు ఫోన్‌కి జవాబివ్వట్లేదంటే పైకి తెచ్చి చూడండి. మేడారం జాతరకి పోయినప్పుడు మా దోస్తు ఒకడు ఇట్లాగే ఇరుక్కున్నాడు, లక్షల మంది ఒక్కచోట చేరితే టవర్లు ఎక్కడ తట్టుకుంటాయి, పార్కింగ్‌లో కారెక్కడుందో చూపించే యాప్ గిరగిరా తిరుగుతూనే ఉంది, చివరికి రాత్రి తొమ్మిదింటికి రిమోట్ నొక్కుకుంటూ హారన్ చప్పుడు పట్టుకుని దుమ్ములో వెతుక్కున్నాం. నేరు వైఫై కారైతే అడవిలో కూడా దగ్గరికి పోతే పలికేది. ఒక్కోసారి పాత పద్ధతే నయం.

వైర్‌లెస్ యాండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే అయితే ముందు బ్లూటూత్‌లో పరిచయం చేసుకుని, తర్వాత అసలు పనంతా వైఫై మీదికి మారుస్తాయి. కాబట్టి వైఫై, బ్లూటూత్ రెండూ ఆన్ ఉండాలి. ఇక్కడ ఇంటర్నెట్ వచ్చేది మీ సిమ్ నుంచే, డేటా ఆపొద్దు. నయీంనగర్‌లో ఒకాయన కారులో ప్రతి సాయంత్రం మ్యాప్ ఆగిపోతోందని పిలిచాడు, చూస్తే వెనక సీట్లో పిల్లల ట్యాబ్ కోసం ఆయన ఫోన్‌లోనే హాట్‌స్పాట్ పెడుతున్నాడు. హాట్‌స్పాట్ ఆపగానే సర్దుకుంది. అది కాకపోతే, ఫోన్‌లో కారుని, కారులో ఫోన్‌ని రెండు వైపులా తీసేసి, రెండూ రీస్టార్ట్ చేసి మళ్లీ జత చేయండి, ఒకవైపే తీసేస్తే పాత సంబంధం ఇంకోవైపు మిగిలిపోయి గడబిడ చేస్తుంది. అప్‌డేట్ కోసం కారునే మీ ఐఫోన్ హాట్‌స్పాట్‌కి కలపాలంటే, ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో 'మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ' ఆన్ చేయండి, అప్పుడే 2.4 గిగాహెర్ట్జ్‌లో వస్తుంది, కొన్ని కార్లకి అదొక్కటే వినబడుతుంది. కారు పట్టుకునేదాకా హాట్‌స్పాట్ తెర మూయకండి.

పరీక్షల కోసం ఆపినవన్నీ పని అయినాక ఒక్కొక్కటే వెనక్కి పెట్టండి, ఇంటి వైఫై ఆటో జాయిన్, వీపీఎన్, ముఖ్యంగా మొబైల్ డేటా. బావ ఆ రోజు కారు వేడెక్కిన సంతోషంలో డేటా ఆపిన సంగతి మరిచిపోయి ఆఫీసుకి పోయాడు, ఇక్కడ మా అమ్మ సాయంత్రం దాకా వాట్సాప్ కాల్ చేస్తూనే ఉంది, అల్లుడు ఫోన్ ఎత్తట్లేదని నా మీద అలిగింది.